రైట్ అనగా కుడి

ఆగస్టు 4, 2025

ఈ రోజు నుంచి నేను విమానం నడపడం నేర్చుకుంటున్నాను. ఈ విషయం ఎక్కడో ఒకచోట రికార్డు కావలసి ఉన్నందున ఈ డైరీ తెరవడమైనది.

పేరు నాగేశ్వరి. వయసు నలభై ఆరు. ఉద్యోగం సిటీ బస్సు కండక్టరు, సర్వీసు ఇరవై రెండేళ్లు. నివాసం అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ పక్క సందు. మా ఆయన నరేందర్ అదే సందులో టైలరు. అత్తమ్మ కాంతవ్వ మాతో ఉంటుంది, లేదా మేము ఆమెతో ఉంటున్నాము. ఈ అంశం ఇంకా పరిష్కారం కాలేదు.

ఊళ్లో నా వాటా భూమి రోడ్డు కింద పోయింది. పరిహారం వచ్చింది. బంధువులు ఏకగ్రీవంగా ఫ్లాటు కొనమన్నారు. భూమి పోయిన మనిషి ఆకాశం వైపు చూడటంలో తర్కదోషమేమీ కనిపించనందున, బేగంపేటలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాను.

కారణం కూడా రాసి పెడతాను. ఇరవై రెండేళ్లుగా బండి కదలమని చెప్పేది నేను, కదిలించేది మరొకరు. డ్రైవరు పోస్టు అడగాలని నాకు తోచే సమయానికి వయోపరిమితి దాటింది. ఒక్కసారి, ఏదో ఒక బండిని, పక్కన ఎవరూ లేకుండా నేనే తీసుకుపోయి నేనే తీసుకురావాలి. విమానాల వాళ్లు దీనిని సోలో అంటారట. నా కోరిక సోలో వరకే. ఆ పైన లైసెన్సు ఇచ్చినా అభ్యంతరం లేదు.

ఆగస్టు 6

అనుమతి కోసం డిపోలో అర్జీ పెట్టాను. విమానం నడపరాదని నియమావళిలో ఎక్కడా లేదు కాబట్టి అనుమతి అవసరం లేదన్నారు. అవసరం లేదని కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. అవసరం లేని కాగితం ఇవ్వడం కుదరదన్నారు. రెండో షిఫ్టు మాత్రం ఖాయం చేశారు. ఉదయాలు నావి.

ఆగస్టు 11

వైద్య పరీక్షలో కళ్లు, చెవులు, గుండె ఉన్నట్లు ధ్రువీకరించారు.

నేర్పే సార్ పేరు కెప్టెన్ అనుదీప్. వయసు ఇరవై ఆరు. నన్ను ఆంటీ అన్నారు. నేను సార్ అన్నాను. ఇద్దరమూ కొంచెం నొచ్చుకున్నాము, ఇద్దరమూ మార్చుకోలేదు. మాది సుత మీ దిక్కే ఆంటీ, మా తాత మగ్గం నేసిండు, ఫికర్ చేయకుండ్రి, నేను నేర్పిస్త అన్నారు.

విమానం చూశాను. రెండే సీట్లు. షేర్ ఆటోలో ఇంతకంటే ఎక్కువ మంది పడతారు. ఎడమ సీటు నాది, కుడి సీటు సార్‌ది. ఇద్దరి కాళ్ల దగ్గరా రెండేసి పెడల్స్ ఉన్నాయి. నేల మీద బండి ఎటు తిరగాలో ఆ పెడల్స్ తేలుస్తాయి.

ఆగస్టు 19

ముందు కడుపు లేచింది. విమానం తరువాత లేచింది.

సెప్టెంబర్ 3

టేకాఫ్ నా చేతికి ఇచ్చారు.

అనుదీప్ సార్ ఉత్సాహపరిచే స్వభావం గలవారు. రన్‌వే మీద వేగం అందుకుంటున్నంతసేపూ రైట్, రైట్, ఆంటీ రైట్ రైట్ అంటూనే ఉన్నారు. ఆయన అన్నకొద్దీ నేను ధైర్యంగా పోనిచ్చాను. జనం ఎక్కాక కండక్టరు రైట్ రైట్ అంటేనే బస్సు కదులుతుంది. ఇరవై రెండేళ్లలో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడమే నా విధి. వినడం ఇంత హాయిగా ఉంటుందని ఈ రోజు తెలిసింది.

సెప్టెంబర్ 12

డ్రైవరు ఓదెలుకు సంగతి తెలిసిపోయింది. పదకొండేళ్లుగా మేమిద్దరం ఒకే బండి మీద ఉన్నాము కాబట్టి దాచడం ఎలాగూ అయ్యేది కాదు. అమీర్‌పేట స్టాపులో బండి ఆపి, వెనక్కి తిరిగి, అక్కా, విమానంల సుత ఆడోళ్లకు జీరో టికెటేనా అని అడిగాడు. బస్సంతా విన్నది. బస్సులో మూడు వంతులు జీరో టికెట్ మీద ఉచితంగా ఎక్కిన ఆడవాళ్లే కావడం వల్ల స్పందన భారీగా వచ్చింది. ముందు సీట్లోని ముసలమ్మ నా చేయి పట్టుకొని, నడిపేది నువ్వేనా బిడ్డా, అయితే జర ఎర్రగడ్డ కాడ ఆపుతవా, మోకాళ్ల నొప్పులు అని కోరింది. పరిశీలిస్తామని చెప్పాను.

సెప్టెంబర్ 26

నా ప్రోగ్రెస్ షీట్ చూశాను. టేకాఫ్ ఎదురుగా పూర్ అని ఉంది. బండి ఎడమకు పోతున్నదట. టేకాఫ్ జరుగుతున్నంతసేపూ రైట్ రైట్ అన్నది ఈయనే. ఆమోదం నోటితో, అసంతృప్తి కాగితం మీద. మా డిపోలోనూ పద్ధతి ఇదే కాబట్టి ఆశ్చర్యపోలేదు.

అక్టోబర్ 8

అత్తమ్మ హాస్టల్ పిల్లలతో, నా కోడలు గాలిమోటరు తోలుతది, మీరు గా కంప్యూటర్ల ముంగట కూసొని వంగిపోతున్నరు అని చెప్పిందట. ఈ వార్త నాకు హాస్టల్ వార్డెన్ ద్వారా అందింది. ఇంట్లో నాతో అత్తమ్మ మాట్లాడింది వేరు. పప్పుల ఉప్పేసిన్నా లేదా అని మీదికి పోయినంక యాదికొస్తే ఏం జేస్తవే అని అడిగింది. దిగి వచ్చి చూస్తానన్నాను. అప్పటిదాంక మేము సప్పటిది తినాల్నా అన్నది.

అక్టోబర్ 17

సంఘటన నమోదు.

ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గాలి ఎడమ పక్క నుంచి వీస్తున్నది. టేకాఫ్ నాది. సార్ రోజుకంటే ముందుగానే రైట్ అనడం మొదలుపెట్టారు. తరువాత రోజుకంటే గట్టిగా అన్నారు. ఇన్నిసార్లు చెప్పించుకోవడం నాకు నామోషీ అనిపించి, చేతిలోని పిడిని ముందుకు తోసి ఇంజను శక్తినంతా ఇచ్చేశాను. సార్ అరిచారు. ఆయన రైట్ అన్నకొద్దీ నేను పోనిచ్చాను, నేను పోనిచ్చినకొద్దీ బండి ఎడమకు పోయింది. చివరకు సార్ ఇంజను తగ్గించి, బ్రేకు తొక్కి ఆపారు. అప్పటికి మేము రన్‌వే మీద లేము. పక్కన గడ్డిలో ఉన్నాము.

మనుషులకు దెబ్బలు లేవు. విమానానికి నష్టం లేదు. గడ్డికి స్వల్ప నష్టం.

సార్ హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తరువాత, ఆంటీ, డాక్టర్ మీ చెవులు మంచిగనే చూసిండు గద అని అడిగారు.

అక్టోబర్ 18

చీఫ్ సార్ పిలిపించారు. పేరు రాజనర్సయ్య, ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మనిషి. ఆయన గదిలో మూడు కుర్చీలున్నా ఎవరూ కూర్చోలేదు.

అనుదీప్ సార్ తన వాదన వినిపించారు. రోజు నేనే నా పెడలు తొక్కి సరిజేస్తున్న సార్, నిన్న ఒక్కరోజు ఆంటీ తనే తొక్కాలని కాళ్లు తీసిన, పదిసార్లు రైట్ రైట్ అని మొత్తుకున్న, వినలేదు అన్నారు.

చీఫ్ సార్ నా వైపు తిరిగి, ఆయన రైట్ అన్నప్పుడు నువ్వేం జేసినవమ్మా అని అడిగారు.

పోనిచ్చిన సార్ అన్నాను.

రైట్ అంటే కుడి అని తెల్వదా?

తెలుసు సార్. ఒక్కసారంటే కుడి. రెండుసార్లంటే పొమ్మని.

చీఫ్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నువ్వేం పని చేస్తవమ్మా అని అడిగారు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నారు. అనుదీప్ సార్ గోడ వైపు తిరిగారు. ఆయన భుజాలు కదలడం చూశాను, కారణం రాయను.

రైట్ అనగా కుడి. కుడి కాలితో పెడలు తొక్కమని దాని అర్థం. ఇంజను బలానికి ఈ బండి తనంతట తానే ఎడమకు లాగుతుందట. ఆరు వారాలుగా ఆయన చెబుతున్నది అదే.

ఆ తరువాత ఉత్తర్వు వెలువడింది. ఇప్పటికి ఇరవై ఎనిమిది గంటలు ఎగిరాను. ఇక్కడ నేర్చుకునే పిల్లలు ఇరవై లోపే సోలో చేస్తారు. మరో ఐదు గంటలు ఇస్తారు. ఆ పైన చీఫ్ సార్ స్వయంగా పక్కన కూర్చొని చూస్తారు. సరిగా ఉంటే సోలో. లేకపోతే నా పేరు రిజిస్టరులోంచి తీసేస్తారు. రెండో అవకాశం అడగవద్దు, నీ పానం కంటె ఎక్కువేం కాదు గిది అన్నారు. కోపంగా అనలేదు. అందువల్లనే అది మారదని అర్థమైంది.

అక్టోబర్ 19

ఆరు వారాలుగా నన్ను ఎవరూ మెచ్చుకోలేదని తేలింది. ఈ రోజు మరేమీ రాయను.

అక్టోబర్ 24

సాయంత్రం అమీర్‌పేట స్టాపులో అనుదీప్ సార్ నా బస్సెక్కారు. మీ డ్యూటీ చూడాల్నని వచ్చిన ఆంటీ అన్నారు. టెన్త్ తరువాత సిటీ బస్సు ఎక్కలేదట. ఆ సంగతి ఆయన నిలబడిన తీరులోనే తెలిసింది. రెండు చేతులతో కడ్డీని కౌగిలించుకొని ఉన్నారు. ఆకాశంలో మూడు వేల అడుగుల మీద ఒక్క చేత్తో నడిపే మనిషి.

నేను రైట్ రైట్ అన్నాను. బస్సు కదిలింది. హోల్డాన్ అన్నాను. ఆగింది. మళ్లీ రైట్ రైట్ అన్నాను. మళ్లీ కదిలింది. సార్ ముఖంలో క్రమంగా ఏదో మార్పు వచ్చింది. ఓదెలు అద్దంలోంచి చూసి, కెప్టెన్ సాబ్, కుడేందో ఎడమేందో నేను చూసుకుంట, పోవుడు ఆగుడు అక్క చేతిల ఉంటది, మీ దాంట్ల గిట్ల లేదా అని అడిగాడు. మా దాంట్ల అన్నీ ఒక్కరే చూసుకోవాలె అన్నా అన్నారు సార్. అయితే మస్తు కష్టం, ఇంకో మనిషిని ఇప్పించుకోండ్రి అని ఓదెలు సలహా ఇచ్చాడు.

పంజాగుట్టలో దిగేముందు సార్, తప్పు నాది సుత ఉన్నది ఆంటీ, రేపటి సంది రైట్ అనను, కుడి కాలు అంట అన్నారు. రెండడుగులు వేసి తిరిగొచ్చి, కని చీఫ్ సార్ కుడి కాలు అనడు, అసలు ఏమనడు అని చెప్పి వెళ్లారు.

అక్టోబర్ 30

గృహ శిక్షణ ప్రారంభమైనది. కుర్చీ ముందు రెండు పీటలు పెట్టి పాదాలు ఆనించాను. మా ఆయన మిషను మీద బ్లౌజు కుడుతూ మధ్యలో ఎప్పుడైనా రైట్ అనాలి, నేను కుడి పీట తొక్కాలి. ఆయన గిరాకీతో మాటల్లో పడి మరిచిపోతున్నందున బాధ్యతను అత్తమ్మకు బదిలీ చేశాము. అత్తమ్మ పట్టుదలగా చేస్తున్నది. ఒక్కసారే అనమంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. ఒక్కసారంటే నోటికి బోసిగుంటదట.

నవంబర్ 5

బస్సులో నేను రైట్ రైట్ అన్నప్పుడల్లా నా కుడి కాలు నేలను తన్నుతోంది. జనం కోపమనుకుంటున్నారు. ఫుట్‌బోర్డు మీద నిలబడే వాళ్లు తగ్గారు.

నవంబర్ 14

మూడు గంటలు అయిపోయాయి. రెండు మిగిలాయి.

కుడి కాలు అని చెబితే తొక్కుతున్నాను. బండి తిన్నగా పోతున్నది. ఈ రోజు సార్ పరీక్షగా ఏమీ అనకుండా ఊరుకున్నారు. బండి ఎడమకు పోయింది. ఆయనే సరిచేశారు. దిగాక నీళ్ల సీసా మూత తిప్పుతూ, చెప్తే తొక్కుతున్నరు ఆంటీ, చెప్పకుంటే తొక్కుతలేరు, మీదికి మీరొక్కరే పోయిననాడు ఎవరు చెప్తరు అన్నారు.

ఈ ప్రశ్నకు సమాధానం రెండు గంటల లోపల సమర్పించవలసి ఉన్నది.

నవంబర్ 16

డిపోలో బండి కడుగుతుండగా ఓదెలుకు చెప్పాను. నేను ఎవరికీ చెప్పుకోను. ఎందుకో చెప్పాను. చెప్పి చేయించే అలవాటు ఉంది, చెబితే చేసే అలవాటు కొత్తగా వచ్చింది, ఒక్కదాన్నే ఉన్నప్పుడు రెండూ పనికి రావు అన్నాను.

ఓదెలు టీ గ్లాసు టైరు మీద పెట్టాడు. అక్కా, ఒక ముచ్చట అడుగుత, ఒక చేతిల టికెట్ మిషను, ఒక చేతిల చిల్లర, ఇరవై ఏండ్ల సంది దేన్నీ పట్టుకోకుండ బండ్ల నిలబడ్డవు, నేను పంజాగుట్ట మలుపుల బండి తిప్పితే మొత్తం బస్సు పడతది, నువ్వొక్కదానివి పడవు, మలుపొస్తుందని నీ కాళ్లకు ఎవరు చెప్పిన్రు అని అడిగాడు.

ఎవరూ చెప్పలేదన్నాను.

మరి గంతే అన్నాడు. గ్లాసు తీసుకొని, నేను పోనిచ్చేటప్పుడు అద్దంల నీ కాళ్లే చూస్త అక్కా, పబ్లిక్ బ్యాలెన్స్ అండ్ల తెలుస్తది అన్నాడు. పదకొండేళ్లలో ఈ సంగతి చెప్పనే లేదు.

సాయంత్రం డ్యూటీలో కళ్లు మూసుకొని నిలబడి చూశాను. బస్సు వంగకముందే పాదం బరువు మారుతున్నది. నాకు తెలియకుండానే మారుతున్నది. ఒక విద్యార్థిని, ఆంటీ, తల తిరుగుతుందా అని లేచి సీటిచ్చింది. సర్వీసులో మొదటిసారి కూర్చున్నాను. రెండు స్టాపుల వరకు.

నవంబర్ 21

సార్ నోరు మెదపలేదు. నేను ఏమీ ఆలోచించలేదు. బస్సులో నిలబడినట్టు కూర్చున్నాను. బండి ఎడమకు లాగబోయింది, కాలు ముందే వెళ్లి అక్కడ ఉంది. మూడు టేకాఫ్‌లూ తెల్ల గీత మీదే జరిగాయి.

ఐదు గంటలూ పూర్తయ్యాయి. సార్ ప్రోగ్రెస్ షీట్‌లో ఏదో రాశారు. చూడలేదు.

నవంబర్ 25

మంచు. చీఫ్ సార్ పరీక్ష రద్దు.

నవంబర్ 27

మంచు. రద్దు. చీఫ్ సార్ టీ తాగారు. నాకూ ఇప్పించారు.

డిసెంబర్ 2, ఉదయం 4.50

నిద్ర పట్టలేదని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. మంచు లేదు. అత్తమ్మ లేచి పొయ్యి దగ్గర ఉంది. ఉప్మా చేస్తున్నది. ఉప్పేసిన, చూసుకున్న, నువ్వు గది మనసుల పెట్టుకోకు అన్నది.

డిసెంబర్ 2, రాత్రి 10.30

క్రమంగా రాస్తాను.

చీఫ్ సార్ కుడి సీట్లో కూర్చున్నారు. రెండు చుట్లు తిప్పాను. ఆయన మొత్తం సమయంలో ఒకసారి దగ్గారు. అది సూచనా కాదా అని కొంతసేపు ఆలోచించి కాదని తీర్మానించాను. రెండోసారి దిగి రన్‌వే పక్క దారిలోకి వచ్చాక, ఆపు అన్నారు. ఆపాను. అయిపోయిందనుకున్నాను. రెండో ల్యాండింగ్‌లో నేల తాకకుండా కొంచెం ఎక్కువ దూరం తేలాను, అది నాకు తెలుసు. నా పేరు రిజిస్టరులో ఏ పేజీలో ఉంటుందో, గీత అడ్డంగా కొడతారా నిలువుగా కొడతారా అని ఆలోచించాను.

ఆయన ఇంజను ఆపమనలేదు. తలుపు తీసి దిగారు. ఖాళీ అయిన సీటుకు బెల్టు తానే బిగించారు, చిన్న పిల్లను కూర్చోబెట్టినట్టు. తల లోపలికి పెట్టి, బిడ్డా, నేను లేను గద, బండి అల్కగుంటది, జల్ది లేస్తది, బుగులు పడకు, ఒక్క చుట్టు పోయి రా అన్నారు. తలుపు మూశారు. వెనక్కి చూడకుండా గడ్డి మీద నడిచి వెళ్లిపోయారు.

టవర్ వారు అనుమతి ఇచ్చారు. వారు చెప్పింది వారికే తిరిగి చెప్పాను. గొంతు నాదే కానీ ఎక్కువ మర్యాదగా ఉంది.

బండి నిజంగానే తేలికగా లేచింది. నేను సిద్ధం కాకముందే నేల పోయింది. కాళ్లు వాటి పని అవి చేశాయి. ఎడమకు తిప్పి చూస్తే అమీర్‌పేట. మెట్రో లైన్లు రెండూ ఒకదాని మీద ఒకటి పడుకొని ఉన్నాయి. మా సందు వెతికాను, దొరకలేదు. అంత చిన్నదని తెలియదు. పంజాగుట్ట దగ్గర బస్సులు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉన్నాయి. నాకు కనిపించినంత మేరలో కదులుతున్నది నేనొక్కదాన్నే.

ఎవరూ ఎక్కడ దిగాలని అడగలేదు. ఇది ఎక్కడికి పోతుందని అడగలేదు. కుడి వైపు చూశాను, బెల్టు మాత్రమే ఉంది. అప్పుడు దిగవలసింది కూడా నేనేనని గుర్తుకొచ్చింది. భయం అన్నది ఆ సమయంలో నమోదైంది, అంతకుముందు లేదు. దిగే వేగం మీటరులో చూసి గట్టిగా చదివాను. ఎవరికో చెబుతున్నట్టు చదివాను. వినడానికి నేనున్నాను కదా, చాలు.

ఒకసారి దిగి, పునరాలోచన మీద కొంచెం ఎగిరి, మళ్లీ దిగాను. రెండోసారి అక్కడే ఉన్నాను.

అనుదీప్ సార్ బకెట్ నీళ్లు నెత్తిన కుమ్మరించారు. సోలో చేసిన వారికి ఆచారమట. ఆంటీ, కమాల్ జేసిన్రు ఆంటీ అని రెండుసార్లు అన్నారు. చీఫ్ సార్ దూరం నుంచి తలూపి లోపలికి వెళ్లారు. తడి జడతో రెండో షిఫ్టుకు హాజరయ్యాను. ఆలస్యం నాలుగు నిమిషాలు, రిజిస్టరులో కారణం గడి ఖాళీగా ఉంచాను.

మా ఆయన షాపు మూసి హాస్టల్ డాబా ఎక్కాడట. గప్పుడు మూడు పోయినయి నాగేశ్వరీ, నీదేదో తెల్వలే, మూడింటికీ చెయ్యి ఊపిన అన్నాడు.

డిసెంబర్ 3

ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్‌లో నిన్నటి వరుస నింపలేదని పిలిచారు. పైలట్ ఇన్ కమాండ్, అనగా బండి ఎవరి బాధ్యత అనే గడిలో ఇంతవరకు వేరే వాళ్ల పేర్లు ఉన్నాయి. నిన్నటి దానికి సెల్ఫ్ అని రాయాలట.

స్పెల్లింగ్ అడిగాను. తెలియక కాదు, ఆ మాట ఇంకోసారి వినాలని.